ఊరి పటంలో పల్లె ఎక్కడ?

బోధనా పద్ధతుల్లో నవ్యత గురించి మన విద్యాశాఖలు వెలువరించే నివేదికలు చదివితే బడి కులం లేని స్థలమనిపిస్తుంది. అందులో పిల్లలుంటారు, కార్డులుంటాయి, కృత్యాలుంటాయి, అభ్యసన సామర్థ్యాలుంటాయి. చివరి పేజీల్లోని ఫలితాల పట్టికలో మాత్రం ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఇతరులు అని నాలుగు గళ్ళు ప్రత్యక్షమవుతాయి. పట్టికలోకి అంత చక్కగా నడిచివచ్చిన కులం తరగతి గదిలో ఎక్కడ కూర్చుందో, జట్టుపనిలో ఎవరి పక్కన చేరిందో, సాయంత్రం ఏ చీపురు అందుకుందో ఆ నివేదిక చెప్పదు. వినుకొండ పరిసర గ్రామాల ప్రాథమిక పాఠశాలల్లో కొంతకాలంగా వెనక వరసలో కూర్చుని తరగతులు చూస్తున్న నాకు, ఆ మౌనమే అసలు పరిశోధనాంశంగా కనిపిస్తోంది.

ముందు బడి పేరుతోనే మొదలుపెడదాం. మన కోస్తా జిల్లాల్లో ఒకే గ్రామంలో రెండు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలుండటం మామూలు. ఒకదాని పేరు చివర 'మెయిన్' అని ఉంటుంది. మరొకదాని చివర 'ఎస్.సి.' అనో, 'హెచ్.డబ్ల్యూ.' అనో ఉంటుంది. హెచ్.డబ్ల్యూ. అంటే హరిజనవాడ. గోడ మీద ఆ అక్షరాలు చెరిపేయాలన్న మాట మంచిదే. కానీ గోడ మీద చెరిగిన చోట కూడా అవి దస్త్రాల్లో, బదిలీల జాబితాల్లో, టీచర్ల మాటల్లో మిగులుతున్నాయి. "మీదే బడి? మెయినా, పల్లా?" గుంటూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు చెప్పనక్కరలేదు గానీ ఇతర ప్రాంతాల వారి కోసం ఒక మాట: ఇక్కడ ఊరు అంటే ఊరు, పల్లె అంటే దళితవాడ. మాలపల్లె, మాదిగపల్లె. ఊరి బడికీ పల్లె బడికీ మధ్య దూరం చాలాచోట్ల ఒక రోడ్డు వెడల్పు.

ఈ జంట బడులకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఊరి బడిలోకి రానివ్వని పిల్లల కోసం మొదట మిషనరీలు, ఆ తర్వాత 1920లలో మద్రాసు ప్రభుత్వపు లేబర్ శాఖ విడిగా బడులు తెరిచారు. ప్రవేశం కోసం పోరాడే బదులు పక్కన మరో గది కట్టడం ప్రభుత్వానికి తేలికైన దారి. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచములు తమను ఆది ఆంధ్రులుగా ప్రకటించుకున్న నాటి నుంచి బడి ప్రవేశం ఈ ప్రాంత దళిత రాజకీయాల్లో ప్రధానమైన కోరికగానే ఉంది. వేరు బడి ఆ కోరికకు దొరికిన సగం జవాబు. మిగిలిన సగం ఇంకా రావలసే ఉంది.

మిషన్ బడి సంగతి కొంచెం ఆగి చూడవలసినది. 1876-78 కరువు తర్వాత ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లోకి మాదిగలు వేలాదిగా చేరారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. అంతకు పదేళ్ళ ముందే ఒంగోలులో పై కులాల వారు మిషన్ బడికి తమ పిల్లలను పంపడానికి సిద్ధపడి, మాదిగలను దూరంగా ఉంచాలని షరతు పెడితే జాన్ క్లౌ ఒప్పుకోలేదు. తర్వాత వినుకొండలోనూ బాప్టిస్టులు మిషన్ కేంద్రం పెట్టారు. ఆనాటి పల్లె బడుల్లో పాఠ్యక్రమం సాదా: అక్షరాలు, లెక్కలు, బైబిలు, పాటలు. చెట్టు కింద ఇసుకలో వేలితో దిద్దడం. నేటి శిక్షణ తరగతుల భాషలో చెప్పాలంటే అందులో నవ్యత లేదు. అయితే పాఠం చెప్పే పంతులు తరచు ఆ పల్లె మనిషే. మాదిగ పిల్లవాడికి మాదిగ పంతులు. ఈ ఒక్క మార్పు ఏ శిక్షణ కరదీపికలోనూ నవ్యత కింద నమోదు కాలేదు.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా బతుకు ఈ విషయంలో ఎంతో చెబుతుంది. తండ్రి గొల్ల, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. బడిలో తోటి పిల్లలు, పంతుళ్ళు కులం పేరుతో చేసిన హేళన ఆయన బాల్యంలో భాగం. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాడిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. అదే వినుకొండలో జూపూడి హనుమచ్ఛాస్త్రి ఆయనకు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చెప్పారు. ఆనాటి కావ్యపాఠం ఎలా సాగేదో మనకు తెలుసు: శ్లోకం, పదవిభాగం, అన్వయం, తాత్పర్యం. తరతరాలుగా మారని పద్ధతి. ఎదుట కూర్చున్న విద్యార్థి మాత్రం ఆ చాప మీద అంతకుముందు ఎన్నడూ కూర్చోనివాడు. ఫలితం మనకు 1941లో కనిపించింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపిన చట్రాన్ని తీసుకుని, గుడిలోకి అడుగుపెట్టలేని దళితుడు గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపాడు. బోధనా పద్ధతిలో మార్పుకూ బోధనా సంబంధంలో మార్పుకూ ఉన్న తేడా నా విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే ఇస్తాను. మొదటిది లేకుండా రెండోది ఎంత దూరం వెళ్ళగలదో గబ్బిలం చూపిస్తుంది. రెండోది లేకుండా మొదటిది ఎక్కడ ఆగిపోతుందో గత నలభై ఏళ్ళ మన ప్రాథమిక విద్య చూపిస్తుంది.

ఆ నలభై ఏళ్ళ కథ ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకంతో మొదలవుతుంది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980ల మధ్యలో కొన్ని బడుల్లో ప్రయోగంగా ఆరంభమై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించిన పథకమిది. నేటి సీనియర్ ఉపాధ్యాయులకు ఏపీపీఈపీగా గుర్తు. దాని మూలసూత్రాలు ఆరు. టీచరు స్వయంగా కృత్యాలు రూపొందించాలి. పిల్లలు చేసి, కనుగొని నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతిగా పనిచేయాలి. వ్యక్తిగత భేదాలను గుర్తించాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసినవాటిని గోడల మీద ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయంగా ఉంచాలి. ఇప్పటికీ ఇంతకంటే మంచి ఆరు మాటలు మన విద్యాశాఖ చెప్పిందని నేననుకోను. ఉపాధ్యాయ కేంద్రాల్లో టీచర్లు కలిసి కూర్చుని మాట్లాడుకోవడం కూడా ఆ పథకం విస్తరించిన అలవాటే.

కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పథకం ప్రయోగ దశలో ఉండగా 1985 జూలై 17న కారంచేడు. రాష్ట్రమంతటా పిల్లలను జట్లుగా ఎదురెదురుగా కూర్చోబెట్టడమెలాగో టీచర్లకు నేర్పుతుండగా 1991 ఆగస్టు 6న చుండూరు. కారంచేడులో రాజుకున్నది పల్లెవారు తాగే నీటిని మురికి చేయడం దగ్గర. చుండూరులో రాజుకున్నది సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని వ్యక్తికి తగిలిందన్న దగ్గర. అంటే నీరు, పక్కపక్క కుర్చీలు. బడిలో కుండ దగ్గరా, చాప మీదా రోజూ తలెత్తే విషయాలే ఇవి. ఈ పత్తి, మిరప మైదానాల్లో పక్కపక్కన కూర్చోవడం ఎంత బరువైన సంగతో ఆ రెండు ఊళ్ళు లోకానికి చెప్పిన కాలంలోనే, మన శిక్షణ కరదీపికలు 'పిల్లలను ఆరుగురి చొప్పున జట్లు చేయండి' అన్న ధోరణిలో ఒక్క వాక్యంతో దాటిపోయాయి. ఏ ఆరుగురిని? ఎవరు చేయాలి? ఒక బిడ్డ మరో బిడ్డ పక్కన కూర్చోనంటే టీచరు ఏమనాలి? వాటి దగ్గర ఆ కరదీపిక టీచరును ఒంటరిగా వదిలేసింది.

'స్థానిక పరిసరాలు' అన్న సూత్రం కూడా అంతే. ఈ మధ్య ఒక బడిలో మూడో తరగతికి 'మన ఊరు' పాఠం చూశాను. టీచరు ఉత్సాహవంతురాలు. పుస్తకం మూయించి పిల్లలను రెండు వరసల్లో ఊళ్ళోకి నడిపించింది. రామాలయం, పంచాయతీ ఆఫీసు, పాలకేంద్రం, వాటర్ ట్యాంకు, ఎరువుల కొట్టు. తిరిగొచ్చి వరండాలో పెద్ద కాగితం పరిచి పటం గీయించింది. ఇళ్ళకు పత్తి గింజలు, చెట్లకు ఆకులు, రోడ్డుకు ముగ్గుపిండి. అరగంటలో అందమైన ఊరు తయారైంది. చూడముచ్చటైన పాఠం, ఏ తనిఖీ అధికారి అయినా మెచ్చుకుంటాడు. నేను పక్కనున్న పిల్లను "మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల కాసేపు పటం కేసి చూసి, కాగితం అంచు దాటి, కింద గచ్చు మీద వేలు పెట్టింది. నడక పల్లెలోకి వెళ్ళలేదు గనక పటంలోకి పల్లె రాలేదు. టీచరులో దురుద్దేశం వెతకడం వృథా. ఆవిడ నడిచిన దారి ఆ ఊళ్ళో ఎవరు 'ఊరు చూపిస్తాను రండి' అన్నా నడిచే దారే. కృత్యాధార బోధన ఆ దారిని ప్రశ్నించదు, రంగులద్దుతుంది.

జట్ల సంగతికి వద్దాం. ఈనాటి ప్రధాన ధోరణి స్థాయిని బట్టి జట్లు చేయడం. తరగతిని పక్కన పెట్టి, అక్షరాల స్థాయి, పదాల స్థాయి, పేరా చదివే స్థాయి అని పిల్లలను విడదీసి, ఎవరికి కావలసినది వారికి చెబుతారు. సాక్ష్యాధారాల బలం ఉన్న పద్ధతే. ఒక టీచరు నాతో అన్నారు: "మేం కులం చూడం సార్, లెవెల్ ఒక్కటే చూస్తాం." ఆయన నిజమే చెప్పారు. కానీ ఆ గదిలో అక్షరాల స్థాయి జట్టు ఎవరితో నిండి ఉందో చూశాను. దాదాపు అందరూ పల్లె పిల్లలు, తండా పిల్లలు, పనుల కోసం కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలు. కులం పేరు ఎత్తకుండా కులం ప్రకారమే కూర్చోబెట్టే ఏర్పాటు ఇలా తయారవుతుంది. ఆరు వారాల తర్వాత ఆ జట్టు నుంచి ఎంతమంది పైకి కదిలారన్నది ఈ పద్ధతికి అసలు పరీక్ష. కదలిక ఉంటే అది వైద్యం. లేకపోతే అది వాడ.

పేరు ఎత్తడం వల్ల ఏమవుతుందో కూడా మనకు తెలుసు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామీణ బాలురతో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. చిక్కుదారుల చిత్రాలు పరిష్కరించమన్నారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత బాలురూ పై కులాల బాలురూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరు, కులం చదివి వినిపించాక దళిత బాలుర ఫలితం పడిపోయింది. తెలివి మారలేదు, గది మారింది. రీమా హన్నా, లీ లిండెన్ మరో వైపు నుంచి చూశారు. జవాబు పత్రాల పై అట్టల మీద కులాన్ని యాదృచ్ఛికంగా కేటాయించి టీచర్లకిస్తే, తక్కువ కులమని రాసివున్న పత్రాలకు కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. ఇవి చదివాక మన బడుల్లో ఉపకార వేతనాల దరఖాస్తుల రోజున "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అనే పిలుపు నాకు వేరుగా వినపడుతోంది. ఆ పిలుపు తర్వాతి పీరియడ్‌లో ఎంత నవ్యమైన గణిత కృత్యం చేయించినా, లేచి నిలబడిన బిడ్డ ఇంకా పూర్తిగా కూర్చోలేదు.

పద్ధతులన్నీ ఒకటే అని నా ఉద్దేశం కాదు. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీలో రమ, పద్మనాభరావు దంపతులు 1980ల చివరి నుంచి పరిసర గ్రామాల చిన్న బడుల కోసం రూపొందించిన పద్ధతిని తీసుకోండి. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులుగా మార్చి, వాటిని ఒక నిచ్చెనగా పేర్చారు. ప్రతి బిడ్డా తన మెట్టు తానే చూసుకుని, ఆ మెట్టు సూచించే జట్టులో చాప మీద కూర్చుంటుంది. కొన్ని జట్లలో టీచరు సాయం, కొన్నింటిలో తోటివారి సాయం, కొన్నింటిలో సొంత పని. టీచరు కూడా నేల మీదే. చెన్నై నగరపాలక బడులు 2003లో దీన్ని అందిపుచ్చుకుంటే, కొద్ది ఏళ్ళలో తమిళనాడు అంతటా విస్తరించింది. మన నేల మీద పుట్టిన పద్ధతి పొరుగు రాష్ట్రంలో అధికారిక విధానమై, మన దగ్గర కొన్ని బడులకే పరిమితమవడం వేరే వ్యాసానికి విషయం. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది, అందులో బిడ్డ కూర్చునే చోటును నిర్ణయించేది కార్డు. మెట్టు మారితే చాప మారుతుంది. 'నా చోటు', 'వాడి చోటు' గట్టిపడే వ్యవధి దొరకదు.

వినుకొండకు ఈ పద్ధతి మరో కారణంగా సరిపోతుంది. ఇక్కడి పంచాంగం విద్యాశాఖ పంచాంగం కాదు. దసరా ముగిసే వేళకు పత్తి తీత మొదలు. సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు, రెండు మూడు విడతలు. కాయ కోయడానికి చిన్న వేళ్ళు పనికొస్తాయి. కల్లంలో తాలు ఏరడానికి ఇంకా చిన్న వేళ్ళు పనికొస్తాయి. తల్లి వెంట వెళ్ళిన పిల్ల ఒక పూట పనిచేస్తుంది, ఒక పూట తమ్ముణ్ణి ఆడిస్తుంది. గుంటూరు యార్డు ఎర్రబడే నెలల్లో పల్లె బడి హాజరు పట్టిక తెల్లబడుతుంది. సరిగ్గా ఆ నెలల చివరే వార్షిక పరీక్షలు. మూడు వారాల తర్వాత తిరిగొచ్చిన బిడ్డకు పాఠ్యపుస్తకపు తరగతిలో మిగిలేది తెలియని పేజీ. నిచ్చెన ఉన్న గదిలో తాను దిగిన మెట్టే ఎదురుచూస్తుంది. అలాగని ఈ ఏర్పాటు నిర్దోషమేమీ కాదు. 'ఎవరి వేగం వారిది' అన్న మంచి మాట, కూలి కోసం బడి మానిన బిడ్డ వెనకబాటును ఆ బిడ్డ వేగంగా లెక్కగడుతుంది. పొలం వైపు నుంచి కదలిక లేకుండా బడి వైపు నుంచి మాత్రమే సర్దుబాటు చేస్తే రైతుకు చవక కూలి, బిడ్డకు కింది మెట్టు మిగులుతాయి. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో 1990లలో పట్టుబట్టింది దీని మీదే: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే, సీజను పేరుతో మినహాయింపు లేదు. ఆ పట్టుదల మిరప పొలాల దాకా రాలేదు.

ఇక తల్లిదండ్రుల మాట. నవ్య బోధనను దళిత తల్లిదండ్రులు అనుమానంగా చూస్తారని టీచర్లు ఫిర్యాదు చేస్తారు, అవగాహన లేదంటారు. ఒక పల్లెలో మిరప కోతకు వెళ్ళబోతున్న తల్లి నాతో అన్న మాట ఇది: "ఆడుకోడానికి మా పల్లెలో జాగా లేదా సారూ? బడికి అంపేది ఎక్కాలు రావాలని, ఇంగిలీసు రావాలని గదా. కామందుల పిల్లోళ్ళని బస్సెక్కించి తీసకపోయేది ఆటలాడించడానికా?" ఈ ప్రశ్నకు మన విద్యాశాస్త్రంలో సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఊళ్ళో భూమి ఉన్న కుటుంబాల పిల్లలు ఉదయం పసుపు బస్సుల్లో వినుకొండకో నరసరావుపేటకో పోతారు. అక్కడ నవ్యత ఊసు లేదు. బట్టీ, రోజువారీ పరీక్షలు, ఐఐటీ ఫౌండేషన్. ఆ బట్టీయే ర్యాంకులు, సీట్లు, ఉద్యోగాలు తెస్తున్నట్టు పల్లె కళ్ళారా చూస్తోంది. సర్కారు బడిలో మిగిలినవారు దళితులు, గిరిజనులు, పేద బీసీలు. కొత్త పద్ధతులన్నీ వీరి మీదే మొదలవుతాయి, వీరి మీదే మధ్యలో ఆగిపోతాయి. వద్దనే శక్తి లేని వారి పిల్లల మీద ప్రయోగం చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ అర్థంలో చాలాకాలం ప్రపంచానికి ప్రయోగశాల. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఇక్కడి ఐదు జిల్లాల గ్రామాల్లో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించి, ఫలితాలను నాలుగేళ్ళు వెంబడించారు. తెలుగులో, గణితంలో వారికీ సర్కారు బడిలో మిగిలినవారికీ తేడా కనిపించలేదు. ప్రైవేటు బడికి అయ్యే ఖర్చు మాత్రం సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. ఆర్థికశాస్త్రానికి విలువైన ఫలితమే. అయితే లాటరీలో పేరు వచ్చిన పల్లె బిడ్డ ఊరి ప్రైవేటు బడి బల్ల మీద ఎవరి పక్కన కూర్చుందో తెలుసుకోవాలంటే మరో రకం పరిశోధకుడు కావాలి, ఆ గదిలో ఏడాది కూర్చునేవాడు. 2019లో ఇంగ్లీషు మాధ్యమంపై వచ్చిన జీవో 81 చుట్టూ జరిగిన వాదోపవాదాల్లోనూ ఇదే చూశాం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసినప్పుడు మాతృభాషా బోధన శాస్త్రీయమన్నవారి వాదంలో శాస్త్రం ఉంది. కానీ వారి పిల్లలు ఏ మాధ్యమంలో చదువుతున్నారని అడిగిన దళిత బహుజన రచయితల ప్రశ్నలోనూ శాస్త్రం ఉంది, దాని పేరు సామాజిక శాస్త్రం.

బడుల విలీనం మీద జరిగిన చర్చ ఇంకో ఉదాహరణ. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలల్లో కలిపారు. తర్వాతి ప్రభుత్వం దాన్ని ఉపసంహరించింది. దూరం గురించి, పోస్టుల గురించి, సబ్జెక్టు టీచర్ల గురించి పేజీలకు పేజీలు రాశాం. పల్లె బడి కదిలినప్పుడు నడక ఏ దిశలో సాగిందని రాయలేదు. పల్లె పిల్లలు ఊళ్ళోకి నడిచారు. వసతులున్న పల్లె బడికి ఊరి పిల్లలను పంపుదామన్న ప్రతిపాదన నేనెక్కడా వినలేదు.

మధ్యాహ్న భోజనంలో మాత్రం న్యాయస్థానం ఒక దారి చూపింది. వంటమనుషుల నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. దాన్ని ఎవరూ బోధనా నవ్యత అనలేదు. కానీ పల్లె అమ్మ వండిన అన్నం ఊరి బిడ్డ రోజూ తినడం ఏ పాఠ్యాంశం కంటే తక్కువ బోధన? సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ అయిదు రాష్ట్రాల్లో చేసిన పరిశీలనలో ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో రాజస్థాన్ కంటే, తమిళనాడు కంటే ఎంతో మెరుగ్గా కనిపించింది. ఊరి పిల్లలు ప్రైవేటు బస్సెక్కిపోయాక ఆ అన్నం ఎవరు తింటున్నారన్నది మిగిలిన ప్రశ్న.

కులాన్ని సూటిగా ఎదుర్కొన్న బోధన మనకు లేకపోలేదు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెచ్చిన పిల్లల పుస్తకాల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఖదీర్‌బాబు కథలున్నాయి. పల్లె పిల్ల, ముస్లిం పిల్లవాడు కథకు నాయకులైతే బడి ఎలా కనిపిస్తుందో అవి చూపాయి. కంచ ఐలయ్య పిల్లల కోసమే రాసిన పుస్తకంలో తోలు పని, కుండ పని, చాకలి పని విజ్ఞానశాస్త్ర పాఠాలయ్యాయి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ కాలంలో పిల్లలు తమను 'స్వేరో'లుగా పిలుచుకున్నారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఆ గురుకులాల మీద నాకు భిన్నాభిప్రాయాలున్నాయి, ముఖ్యంగా అవి కూడా ఒక రకంగా వేరు బడులే గనక. అయినా 'మీరెవరు?' అన్న ప్రశ్నను పాఠ్యక్రమం మధ్యలో పెట్టిన ప్రభుత్వ విద్యాసంస్థలు మరేవీ లేవు.

కనుక బోధనా నవ్యతపై పరిశోధన చేయదలచిన విద్యార్థులకు నేను చెప్పేది ఇదీ: పరీక్ష పత్రాలతో పాటు సీటింగ్ పటం కూడా గీయండి, నెలకోసారి. బాలల మంత్రివర్గంలో పారిశుద్ధ్య శాఖ ఎవరికిచ్చారో రాసుకోండి. నల్లబల్ల దగ్గరికి ఎవరిని పిలిచారో, నీళ్ళు తెమ్మని ఎవరిని పంపారో లెక్కపెట్టండి. స్థాయి జట్లలో ఎవరు కదిలారో పేరుపేరునా వెంబడించండి. ఇవి ఖరీదైన కొలమానాలు కావు. ఒక నోటుపుస్తకం, వెనక వరసలో ఒక చోటు చాలు.

స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో 'మన ఊరు' నడకను ఈసారి పల్లె బడి నుంచి మొదలుపెట్టి ఊరి వైపు నడిపించవచ్చా అని టీచర్లను అడిగాను. కొందరు నవ్వారు. ఒకరు పేరెంట్స్ గొడవ చేస్తారన్నారు. పల్లె బడి ప్రధానోపాధ్యాయురాలు ఒకావిడ మాత్రం తన బడి నుంచి మొదలుపెడదాం రమ్మన్నారు. పిల్లల సంఖ్య అడిగితే రిజిస్టరు తీసి చూపించారు. ఆ సోమవారం మూడో తరగతిలో ముగ్గురే ఉన్నారు. మిగిలిన వాళ్ళు కోతలకు వెళ్ళారు, ఉగాది దాటాక రమ్మన్నారు.